బుడమకాయ మీద సుద్దగుర్తు

"రూఫా?" అని అడిగాడు ఓదెలు.

స్వరూప చాయ్ గ్లాసు తండ్రి ముందు పెట్టి, "కాదు బాపూ, గొట్టం పగిలింది" అంది.

ఆ మాట అనడం ఇది మూడో పొద్దు. మొదటి రోజు ఆ మాట అని, వెంటనే లోపలికి వెళ్లిపోయింది. రెండో రోజు కళ్లు పక్కకు తిప్పుకుంది. ఇవాళ మాత్రం తండ్రి మొహంలోకి చూస్తూనే అనేసింది. అబద్ధం కూడా చేయగా చేయగా చేతికి అలవాటవుతుంది కాబోలు, అనుకుని తన మీద తనకే అసహ్యం వేసింది.

ఓదెలు తల ఊపాడు. చాయ్ తాగలేదు. గ్లాసును రెండు అరచేతుల మధ్య పట్టుకుని, అది చల్లారేదాకా అలాగే కూర్చున్నాడు. తన శిష్యురాలు మెర్సీ పోయిందన్న కబురు విన్నప్పటి నుంచి ఆయన తిండి తగ్గింది, మాట తగ్గింది. రూఫా, అంటే పైకప్పు కూలిందా అన్న ఈ ఒక్క ప్రశ్న మాత్రం తగ్గలేదు.

అడగడానికి ఆయనకు హక్కుంది మరి. ఓదెలు రేగులకుంట బొగ్గుబాయిలో ముప్పై నాలుగేళ్లు సర్దార్‌గా చేశాడు. షిఫ్టు మొదలవ్వక ముందే అందరికన్నా ముందు లోపలికి దిగి, ఒక చేత్తో గడ్డపార పట్టి పైకప్పు బండను కొట్టడం, రెండో చేతి మునివేళ్లు బండకు ఆనించి అది ఎలా అదురుతోందో చూడటం ఆయన పని. బాగుందనిపిస్తే జేబులోంచి సుద్దముక్క తీసి ఆ బండ మీద తన పేరులోని మొదటి అక్షరం, 'ఓ' అని రాసేవాడు. ఆ గుర్తు పడ్డాకే మిగతా వాళ్లు ఆ కప్పు కిందికి వచ్చేవారు. బొగ్గు పేల్చే మందు మోతకు ఎడమ చెవి మొత్తం, కుడి చెవి సగం పోయాయి. అయినా ఆయన ఏనాడూ చింతించలేదు. బండ మాట వినడానికి చెవులెందుకు అనేవాడు.

ఆ అలవాటు బాయి దగ్గరే ఆగితే బాగుండేది. బ్యాంకుకు వెళ్లినా గోడ తట్టేవాడు, పెళ్లికి వెళ్లినా స్తంభం తట్టేవాడు. స్వరూపకు సంబంధం చూడటానికి వెళ్లిన ఇంట్లో, కాఫీ కప్పు చేతిలో ఉండగానే వెనక గోడ తట్టి, "ఇది డొల్ల బావగారూ, జర జాగర్త" అన్నాడు. ఆ సంబంధం తప్పిపోయింది. ఆ గోడ తర్వాతి వానాకాలం కూలింది. ఆ తర్వాత స్వరూప ఇంట్లో పెళ్లి మాట ఎత్తనివ్వలేదు గానీ తండ్రి వేళ్లను మాత్రం మరిచిపోలేదు. చదువు ముగిసి ఉద్యోగంలో చేరిన పదిహేనేళ్లకు ఆ వేళ్లను బుడమకాయ మీదికి పంపింది.

బుడమకాయ అంటే ఒక గ్రహశకలం. కాగితాల్లో దానికి పొడుగాటి అంకె ఉంది గానీ, ఒక కొస లావుగా, ఒక కొస సన్నగా, ఒళ్లంతా గీతలతో ఉండటం చూసి ల్యాబు వాళ్లు ఆ పేరు పెట్టుకున్నారు. మూడు వందల యాభై మీటర్ల పొడవు. రాళ్లు, మట్టి, వాటి సందుల్లో మంచు. ఆ మంచు కోసమే ఇంత తతంగం. బండలోకి వేడి కడ్డీలు దింపితే మంచు ఆవిరవుతుంది. ఆ ఆవిరిని గొట్టాల గుండా పెద్ద సంచుల్లోకి పంపి చల్లబరిస్తే నీళ్లు. నీళ్లను విడగొడితే ఇంధనం. 'ఊట' అనే నౌకలో ముగ్గురు మనుషులు వెళ్లేందుకు సరిపడా ఇంధనంతో వెళ్లారు. తిరిగి వచ్చేందుకు కావలసింది అక్కడే తవ్వుకోవాలి. భూమి మీంచి ఒక్కో చుక్కా మోసుకుపోతే మనిషి ఎంతో దూరం పోలేడు, దారిలో దొరికిన దాంతోనే దారి సాగాలి అన్నది ఆ ప్రయాణం రుజువు చేయవలసిన సంగతి.

కానీ తవ్విన గుంతలోకి గొట్టాలు బిగించడానికి అప్పుడప్పుడు మనిషే దిగాలి. గుంత గోడ మంచిదో కాదో ఎవరు చెప్పాలి? అక్కడ గాలి లేదు, చప్పుడు వినపడదు. అదురు మాత్రం బండలో పాకుతుంది. అది తట్టాకనే స్వరూపకు తండ్రి గుర్తొచ్చాడు.

మూతపడ్డ రేగులకుంట బాయిలోనే స్వరూప పనిచేసే అంతరిక్ష సంస్థ వాళ్లు ల్యాబు పెట్టారు. భూమి లోపల అదుర్లు తక్కువ, అందుకని. రిటైరైన పదేళ్లకు ఓదెలు మళ్లీ బాయి దిగాడు. ఈసారి గడ్డపార ఒక యంత్రం చేతిలో ఉంది, ఆయన చేతికి ఒక తొడుగు ఉంది. యంత్రం బండను కొడితే ఆ అదురు తొడుగులోని అయిదు వేళ్లకూ తెలుస్తుంది. ఓదెలు "మంచిది" అనో "వద్దు" అనో చెప్పాలి. పద్నాలుగు నెలల్లో ఇరవై వేల రాళ్లు. ఆ ఇరవై వేల జవాబులూ నేర్చుకున్న యంత్రానికి మునివేలు అని పేరు పెట్టారు. అది సొంతంగా గోడను పరీక్షించి, బాగుంటే తెర మీద ఆ చోట తెల్లగా 'ఓ' అని చూపిస్తుంది. ఆ అక్షరం పెట్టమన్నది మెర్సీ.

బెల్లంపల్లి పిల్ల. ముప్పై మూడేళ్లు. వెళ్లే ముందు రెండు నెలలు ఓదెలు దగ్గర శిష్యరికం చేసింది. యంత్రం ఉన్నా తన వేళ్లకూ తెలియాలని పట్టుబట్టింది. "సర్దార్ బాపూ, మీ సుద్దగుర్తు లేకుంటే నేను కాలు పెట్టను" అనేది. ఓదెలుకు ఆ పిల్లంటే ప్రాణం.

ఆ మెర్సీయే 'ఓ' అని గుర్తున్న గోడ కింద చచ్చిపోయింది.

*

డైరెక్టరు పద్మనాభం మంచివాడే. భయస్తుడు, అంతే. బాయి కింద మీటింగు గదిలో ఆ ఉదయం ఆయన నుదుటి చెమట తుడుచుకుంటూ లెక్క చెప్పాడు. ముప్పై నాలుగు టన్నుల నీళ్లు కావాలి. పాతిక వచ్చాయి. ఇంకో తొమ్మిది రావాలి. పదహారు రోజుల్లో ఊట బయలుదేరాలి. ఆ గడువు దాటితే భూమీ బుడమకాయా దూరమైపోతాయి, మళ్లీ దారి కుదిరేది మూడేళ్లకు. అక్కడ మెర్సీతో వెళ్లిన యాకూబ్, హిమజ ఉన్నారు. తిండి పదకొండు నెలలకుంది.

యాకూబ్ పంపిన మాటలు తెర మీద వినిపించారు. అక్కడి నుంచి మాట రావడానికి తొమ్మిది నిమిషాలు పడుతుంది, పోవడానికి ఇంకో తొమ్మిది. "గొట్టాలు మార్చడానికి దిగాలి సార్. దిగమంటే దిగుతాం. మునివేలు బాగుందంటోంది. మెర్సీ దిగినప్పుడూ బాగుందనే అంది. దాన్ని నమ్మాలో వద్దో మీరు చెప్పండి."

అందరూ స్వరూప వైపు చూశారు.

ఆమెకు కారణం రెండో రోజే తెలిసింది. మంచుతో గడ్డకట్టిన కంకర ముద్దను గాలి తీసేసిన గాజు జాడీలో పెట్టి, మెల్లగా వేడి చేసింది. మంచు మొత్తం ఎగిరిపోయాక కూడా ముద్ద ఆకారం చెడలేదు. తట్టితే నిలబడింది కూడా. వేళ్లతో పైకెత్తబోతే మాత్రం పాకం లేని పేలాల ఉండలా పొడిపొడిగా రాలిపోయింది. భూమి మీద దాని బరువే దాన్ని అదిమిపట్టి నిలబెట్టింది. బుడమకాయ మీద బరువు లేదు. అక్కడ ఆ రాళ్లను పట్టి ఉంచేది మంచు ఒక్కటే. వీళ్లు తీసుకుంటున్నదీ ఆ మంచునే.

బొగ్గుబాయిలో నీళ్లు శత్రువు. కప్పు వెనకాల నీళ్లుంటే బండ జారుతుంది. "పచ్చిగున్నది, పక్కకు జరుగుండ్రి" అని ఓదెలు ముప్పై నాలుగేళ్లు అరిచాడు. ఎండిన కప్పే మంచి కప్పు. ఆయన వేళ్లకు తెలిసింది అదే, మునివేలు నేర్చుకున్నదీ అదే. బుడమకాయ గోడలో మంచు నిండా ఉన్నంతసేపు అది గట్టి బండే. కరగడం మొదలవగానే మునివేలు పచ్చి అని వద్దంది. పూర్తిగా ఎండగానే, మంచిదని తెల్లటి 'ఓ' పెట్టింది. సరిగ్గా గోడకు ఏ ఆసరా లేని వేళ మెర్సీని లోపలికి పిలిచింది. వెనకాల మిగిలిన ఆవిరి నెట్టగానే గోడ కదిలింది.

పద్మనాభం గొంతు తగ్గించి, "యంత్రానికి మళ్లీ నేర్పగలవాళ్లు ఎవరమ్మా?" అన్నాడు.

"మా బాపు ఒక్కడే సార్."

"ఆయనకు తెలుసా, తప్పు ఎక్కడ..."

"తెలియదు. గొట్టం పగిలిందని చెప్పాను."

"మరి చెప్పకుండా నేర్పించలేమా?"

ఆ ఆలోచన స్వరూపకు రాకపోలేదు. కానీ ఏ తప్పు దిద్దుకోవాలో తెలియకుండా వేళ్లు కొత్త పాఠం ఎలా నేర్చుకుంటాయి? చెబితే ఆ ముసలి ప్రాణం ఏమవుతుందోనని భయం. చెప్పకపోతే అక్కడ ఇంకో ఇద్దరు. గదిలోంచి బయటికి వచ్చి, తన బల్ల దగ్గర కూర్చుని పాత శిక్షణ రికార్డులు తెరిచింది. ఎండిన రాళ్ల వరకు ఏరి వరసగా చూసుకుంటూ పోయింది. ఎక్కడైనా తండ్రికి అనుమానం వచ్చిందేమో, వస్తే ఆ చోటి నుంచి మొదలుపెట్టవచ్చని ఆశ.

పదకొండు నెలల కిందటి ఒక మధ్యాహ్నం దొరికింది. తొడుగులో చెయ్యి పెట్టుకుని ఓదెలు చాలాసేపు కూర్చుని ఉన్నాడు. "ఇది ఎండింది... కని ఏందో చప్పగున్నది బిడ్డా. బండ పలుకుతలేదు" అన్నాడు. వెనక నుంచి ఒక విసుగు గొంతు. "చప్పగా అంటే ఏ బటను నొక్కాలి బాపూ? మంచిదా, వద్దా? ఇంకా నాలుగు వందల రాళ్లున్నాయి." తర్వాత ఓదెలు, "ఎండింది కదా... మంచిదే అనుకో" అన్నాడు.

ఆ విసుగు గొంతు స్వరూపదే. ఆ రెండు బటన్లు పెట్టిందీ స్వరూపే.

*

ఓదెలు క్వార్టరు వెనక నులక మంచం మీద కూర్చుని ఉన్నాడు. స్వరూప ఎదురుగా ముక్కాలిపీట వేసుకుని కూర్చుంది. ఆయనకు పెదవులు కనపడాలి.

"బాపూ, గొట్టం కాదు. రూఫే."

ఓదెలు కళ్లు మూసి తెరిచాడు. "నాకెర్కనే" అన్నాడు. "గొట్టమైతే నువ్వు మూడు దినాల సంది నా చేతుల దిక్కు సూడకపోదువా?"

స్వరూప మొత్తం చెప్పింది. మంచే ఆ రాళ్లకు పాకమని, అది తీసేస్తే ఎండింది మంచిదవదని, ఎండింది మంచిదని మునివేలుకు నేర్పింది ఎవరో. కళ్లనీళ్లు కారిపోతున్నా ఆపకుండా చెప్పింది. చివర ఫోను తీసి ఆ రికార్డు పెట్టింది. ఓదెలు ఫోనును కుడి చెవికి ఆనించుకుని విన్నాడు. ఇంకోసారి పెట్టమన్నాడు. విన్నాడు.

"నేను తొందరపెట్టాను బాపూ. తప్పు నాది."

"నువ్వు అడిగినవు. చెప్పింది నేనే కద." ఆయన గొంతు మామూలుగానే ఉంది. అదే స్వరూపను ఎక్కువ భయపెట్టింది. "పడ్డదా?"

"పడలేదు. అక్కడ బరువుండదు బాపూ. గోడ జరిగింది. వెనక ఆవిరి నెడితే మెల్లగా, మనిషి నడిచినంత మెల్లగా. కానీ ఇల్లంత బండ. దాన్ని ఆపలేం."

"మెల్లగనా?" ఓదెలు ఆగాడు. "అయితే వచ్చేటిది సూసి ఉంటది."

ఇద్దరూ ఏడ్చారు. తండ్రి ఏడవడం స్వరూప అదే మొదటిసారి చూడటం. తల్లి పోయినప్పుడు కూడా ఆయన ఏడవలేదు, గోడ పట్టుకుని నిలబడ్డాడంతే.

కాసేపటికి ఓదెలు లేచి, తీగ మీది తువాల భుజాన వేసుకుని, చెప్పుల కోసం వెతికాడు. ఎక్కడికో స్వరూపకు అర్థమైంది. రేగులకుంట బాయిలో ఒక కట్టుబాటు ఉండేది. సుద్దగుర్తు పెట్టిన కప్పు కూలి మనిషి పోతే, ఆ గుర్తు పెట్టిన సర్దారే ఆ ఇంటికి పోయి, ఆ గుమ్మంలో నిలబడి, బాగుందని చెప్పింది నేనే అని తన నోటితో చెప్పాలి. ఎవరూ రాసిపెట్టింది కాదు, ఏ ఆఫీసరూ అడిగేది కాదు. ముప్పై నాలుగేళ్లలో ఓదెలు ఒక్కసారే పోవలసి వచ్చింది, పోశం ఇంటికి. పోశం భార్య తిట్టలేదు, కొట్టలేదు. నీళ్ల చెంబు తెచ్చి చేతికిచ్చింది. ఆ నీళ్లు గొంతు దిగలేదని ఓదెలు చాలాసార్లు చెప్పాడు.

చెప్పుల్లో కాలు పెట్టబోయి ఆగాడు. "లోపల ఇంకెందరున్నరు?"

"ఇద్దరు."

"ఇద్దరు లోపల ఉండంగ ఇంటికి పోరు." తువాల తీసి తలకు చుట్టుకున్నాడు. "నడువు, బాయికి."

*

తొడుగు వేసుకోగానే ఆయన అడిగింది ఒక్కటే. "ఆ గోడ కదిలినప్పటిది పెట్టు."

"వద్దు బాపూ."

"చప్ప బండ ఎట్లుంటదో నాకు తెల్వాలె. తెలిసిన బండ అదొక్కటే కద మన దగ్గర."

మాట నిజమే. మునివేలు యంత్రంలో అదురు పట్టే అరచేతి పలక గోడకు బిగించి ఉండగానే గోడ కదిలింది. ఆ పలక పాడవలేదు. అది పంపిన అదురు మొత్తం దాచి ఉంది. కదలిక మొదలైన మొదటి నిమిషం వరకే అందరూ చూశారు. ఆ తర్వాతిది ఉత్త గరగర అనుకుని ఎవరూ పట్టించుకోలేదు. మెర్సీ మాట ఆగిపోయింది, దుస్తుల సంకేతం ఆగిపోయింది, వెంటనే ప్రాణం పోయిందని సంస్థ ప్రకటించింది. ఆమె తల్లికి కూడా అదే చెప్పారు.

ఓదెలు కళ్లు మూసుకుని కూర్చున్నాడు. స్వరూప రికార్డు నడిపింది. ఒక నిమిషం గడిచింది. రెండు. ఆపబోతుంటే ఆయన రెండో చెయ్యి ఎత్తి వద్దన్నాడు. ఆరో నిమిషంలో ఆయన మొహం మారిపోయింది.

"కొడుతున్నది" అన్నాడు.

"ఏంది బాపూ?"

"పిల్ల కొడుతున్నది. ఎడమ పక్క ఒకటి, నడుమ ఒకటి, కుడి పక్క ఒకటి. నేను నేర్పిన తీరే." ఆయన రెండో చేతి వేళ్లు మడిచి లెక్కపెట్టాడు. "మళ్ల నాలుగు. ఆగకుంట నాలుగు."

నాలుగు దెబ్బలంటే ఏమిటో స్వరూపకు తెలుసు. చిన్నప్పుడు అన్నం తింటూ పళ్లెం మీద కొట్టి చూపించేవాడు. ఓదెలు జట్టులో కప్పు కింద చిక్కినవాడు నాలుగు కొడితే, ఇంకా కదులుతోంది, రావద్దు అని.

నలభై ఒక్క నిమిషాలు. చుట్టూ బండ మూసుకుపోయి, మాట పోయి, ఎవరైనా వింటున్నారో లేదో తెలియకుండానే మెర్సీ గోడను పరీక్షిస్తూ కూర్చుంది. మూడు చోట్ల కొట్టడం, నాలుగు దెబ్బలతో రావద్దనడం, ఆగడం, మళ్లీ మొదలు. ఆమె ఎడమ పక్క గోడలో ఇంకా మంచుంది. అక్కడ అదురు గట్టిగా పలికింది. నడుమ సగం ఎండింది. కుడి పక్క పూర్తిగా ఎండిపోయింది, అక్కడ అదురు లేదు. ఎండిన బండ ఏమంటుందో, మంచున్న బండ ఏమంటుందో పక్కపక్కన పెట్టి, నలభై ఒక్క నిమిషాల పాటు మళ్లీ మళ్లీ చూపించింది. సర్దార్ బాపు చెయ్యి ఎప్పుడో ఒకప్పుడు ఆ తొడుగులోకి వస్తుందని అనుకుందో ఏమో.

ఓదెలు ఆ రికార్డును మూడు రోజుల్లో ముప్పై సార్లు పెట్టించుకున్నాడు. ప్రతిసారీ చివరిదాకా. మధ్యలో ఆపితే ఒప్పుకోలేదు.

నాలుగో రోజు స్వరూప తొడుగు పక్కన ఇంకో బటను బిగించింది. దాని మీద 'చెప్పలేను' అని రాసింది. ఓదెలు దాన్ని చాలాసేపు చూశాడు. ముప్పై నాలుగేళ్లలో ఏ షిఫ్టులోనూ ఆ మాట అనలేదు ఆయన. సర్దార్ ఆ మాటంటే షిఫ్టు ఆగిపోతుంది, మూడు వందల మంది బయట నిలబడిపోతారు.

"ఇది నొక్కితే పని ఆగదా?"

"ఆగుతుంది. అక్కడికి ఎవరూ దిగరు."

"ముందే పెట్టకపోయినవా బిడ్డా" అన్నాడు. నిష్ఠూరంగా కాదు. అయినా ఆ మాట స్వరూప గుండెలో ముల్లులా దిగింది.

అక్కడి నుంచి తవ్వే తీరు కూడా ఓదెలే మార్చాడు. బొగ్గు తీసేటప్పుడు మధ్య మధ్య బొగ్గు స్తంభాలను వదిలేస్తారు, కప్పు వాటి మీద నిలుస్తుంది. "మంచును గట్లనే ఇడిచిపెట్టుండ్రి. ఒక గుంత కాగబెడితే పక్క గుంత ముట్టొద్దు. ఆశపడొద్దు" అన్నాడు. యాకూబ్, హిమజ అలాగే చేశారు. మొదటి నలభై చోట్లలో ఓదెలు ఇరవై ఆరు చోట్ల చెప్పలేను అన్నాడు. పద్మనాభం గోళ్లు కొరుక్కున్నాడు గానీ పల్లెత్తు మాట అనలేదు. ప్రతి జవాబూ తొమ్మిది నిమిషాలు ప్రయాణం చేసి వెళ్లింది. అవునన్న చోట తెర మీద తెల్లగా గుర్తు పడింది. ఆ గుర్తు 'ఓ' కాదు. ఓదెలు దాన్ని తీసేయించి 'మె' అని పెట్టించాడు.

గడువుకు ఒక రోజు ముందు తొమ్మిదో టన్ను సంచిలోకి చేరింది. మర్నాడు ఊట బయలుదేరింది. బాయి కింద అందరూ చప్పట్లు కొట్టారు, కొందరు ఏడ్చారు. దారిలో దొరికిన నీళ్లతో మనిషి ఇల్లు చేరగలడని ఆ రోజు రుజువైంది. పేపర్లన్నీ అదే రాశాయి. మెర్సీ బుడమకాయలోనే ఉండిపోయింది. ఆమెను తీయాలంటే ఆ గోడను కదిలించాలి.

ఓదెలు తొడుగు తీసి, చేతులు కడుక్కుని, "ఇగ బెల్లంపల్లికి పోదాం" అన్నాడు.

*

దారిలో కారులో స్వరూప బతిమాలింది. "బాపూ, తప్పు మనదని చెబుదాం. నేనూ చెబుతాను. కానీ నలభై ఒక్క నిమిషాల సంగతి వద్దు. వెంటనే పోయిందనే అనుకోనీ. తల్లి కదా." ఓదెలు కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు. విన్నాడో లేదో తెలియలేదు. తొడుగున్న పెట్టె ఆయన ఒళ్లో ఉంది.

మెర్సీ తల్లి సులోచన ముప్పై ఏళ్లుగా ఇంటి ముందు గదిలో బట్టలు కుడుతోంది. వీళ్లు వెళ్లేసరికి మిషను మీద సగం కుట్టిన జాకెట్టు ఉంది. గోడ మీద మెర్సీ ఫొటో, దాని కింద బైబిలు. సులోచన నీళ్లు తెచ్చింది. ఓదెలు గ్లాసు అందుకోలేదు, గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు.

"చెల్లే, నేను ఓదెలును. నీ బిడ్డకు రూఫ్ చూసుడు నేర్పినోణ్ని. ఆ గోడ మంచిగున్నదని చెప్పింది నేనే."

"రెండే బటన్లు పెట్టింది నేనమ్మా. ఆయనకు అనుమానం వచ్చింది. నేనే తొందరపెట్టాను" అంది స్వరూప.

సులోచన ఇద్దరినీ చూసింది. కోపమో, అలసటో ఆ మొహంలో తెలియలేదు. "లోపలికి రాండ్రి" అంది చివరికి. కూర్చున్నాక, మిషను మీది జాకెట్టును మడిచి పక్కన పెట్టి, "మీ ఆఫీసోళ్లు బాధ లేకుంట పోయిందన్నరు. నిజమేనా అన్నా?" అని అడిగింది.

స్వరూప తండ్రి మోచేయి పట్టుకుంది.

"కాదు చెల్లే" అన్నాడు ఓదెలు. "నలభై ఒక్క నిమిషాలు పని చేసింది. ఆ ఇద్దరూ వస్తున్నరంటే నీ బిడ్డ చేసిన పనికే."

పెట్టె తెరిచి, తొడుగు బయటికి తీశాడు. ఏమిటో చెప్పాడు. సులోచన చీర కొంగుకు చెయ్యి తుడుచుకుని, తొడుగులో పెట్టింది. స్వరూప రికార్డు నడిపింది. మొదటి దెబ్బ పడిన చోటి నుంచి పెట్టింది. బయట ఎవరో జాకెట్టు అడగడానికి వచ్చి, లోపలి వాలకం చూసి వెనక్కి పోయారు.

ముప్పై ఏళ్లు సూది పట్టిన వేళ్లవి. ఓదెలు చెప్పకుండానే, ఎడమ, నడుమ, కుడి ఆమెకు తెలిసిపోయాయి. పదో నిమిషంలో సులోచన తలెత్తింది.

"అన్నా, ఇది ఎడమ చేత్తో కొట్టుడు. నా బిడ్డది కుడి చేతి వాటం. కుడి చెయ్యికేమైంది?"

ఓదెలు తల దించుకున్నాడు. ఆ సంగతి ఆయనకు మొదటి రోజే తెలుసు. స్వరూపకు చెప్పలేదు, ఎవరికీ చెప్పలేదు. సులోచన ఆయన మొహం చూసి, మళ్లీ అడగలేదు. తొడుగులోని చెయ్యిని మాత్రం తీయలేదు. కన్నీళ్లు గడ్డం మీంచి ఒళ్లో పడుతున్నా తుడుచుకోలేదు.

నలభై ఒకటో నిమిషం దాటింది. స్వరూప ఆపడానికి చెయ్యి చాపింది. సులోచన వద్దంది. ఇంకా కాసేపు, ఏ దెబ్బా లేని ఆ నిశ్శబ్దంలో చెయ్యి ఉంచుకుని కూర్చుంది.

"అయిపోయిందా?"

"అయిపోయింది చెల్లే."

సులోచన తొడుగు తీసి, దాన్ని ఓదెలు చేతుల్లో పెట్టింది. "అన్నా, నువ్వు సర్దారువు. చెప్పు. నా బిడ్డ మీద ఆ బండ ఇంక కదులుతదా? ఇగనన్న నిమ్మళంగ ఉంటదా?"

ఆ ప్రశ్నకు అవుననడం ఎంత తేలికో స్వరూపకు తెలుసు. తండ్రి అవునంటే బాగుండునని ఆ క్షణాన ఆమె మనసారా కోరుకుంది. ఓదెలు తొడుగును చేతికి వేసుకున్నాడు. బుడమకాయలో ఆ పలక ఇంకా పనిచేస్తూనే ఉంది, తొమ్మిది నిమిషాల కిందటి అదురును ఇంకా పంపుతూనే ఉంది. ఆయన కళ్లు మూసుకుని చాలాసేపు చూశాడు. ముప్పై నాలుగేళ్లు మంచిదనో వద్దనో చెప్పిన ఆ ముసలి నోరు తెరుచుకుని, మూసుకుని, మళ్లీ తెరుచుకుంది.

"చెప్పలేను చెల్లే" అన్నాడు.